అచ్చు పడని కవరు

నేను ఏడవలేదని మా ఇంట్లో అందరికీ కోపం.

మా మేనత్త పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఆ మంగళవారం పొద్దున నేను రామారెడ్డి ఊళ్ళో, సైన్సు టీచరుగా చేస్తున్న ప్రైవేటు స్కూల్లో, ఎనిమిదో తరగతి బోర్డు మీద రాస్తున్నాను. బాపు ఫోను చేశాడు. "మీ అత్త పోయిందే. చెయ్యి గుంజుతున్నదన్నదంట, కుర్సీల కూసున్నదంట, గంతే. ఆటో పట్టుకొని రా." వస్తున్నానని చెప్పి, బోర్డు మీద సగంలో ఆగిన వాక్యం పూర్తి చేసి, చాక్‌పీసు పెట్టి బయలుదేరాను.

కామారెడ్డిలో అత్త ఇంటి ముందు అప్పటికే చెప్పులు నిండిపోయాయి. సగం ఆమె చేయి పట్టుకుని పన్ను పీకించుకున్నవాళ్ళవే. నేను లోపలికి పోయి కాళ్ళ దగ్గర కూర్చున్నాను. అమ్మ నా మోచేయి మీద గిల్లింది. "గింతన్న ఏడ్వే. నలుగురు సూస్తున్నరు." కళ్ళల్లో నీళ్ళు రాలేదు. సాయంత్రం అన్నీ అయిపోయాక బాపు గోడకు ఆనుకుని, నా వైపు చూడకుండానే అన్నాడు: "పని నేర్పిన మనిషి మీద గూడ పంతమేనా నీకు. సచ్చినంక గూడనా."

నా గురించి మా ఇంట్లో ఒక కథ ఎప్పటి నుంచో నడుస్తోంది. దీనికి కాలు ఒక చోట నిలవదు, చదువు ఎక్కువైంది, ఎవరైనా ఒక మాట అంటే పడదు. డిగ్రీలో సూక్ష్మజీవుల శాస్త్రం చదివి పీజీ మధ్యలో వదిలేశాను. అది నిజమే. అత్త పెట్టించిన ఉద్యోగం ఏడాదిన్నరకే వదిలేశాను. అదీ నిజమే. ఎందుకు వదిలేశానో నేను చెప్పలేదు కాబట్టి వాళ్ళే ఒక కారణం పెట్టుకున్నారు. పొగరు. ఏడు నెలలుగా ఆ మాటను ఇంట్లో కూరలో ఉప్పులా వాడుతున్నారు. నేనూ మింగుతూ వచ్చాను.

అత్త పనిచేసిన పండ్ల దవాఖాన డాక్టరు సారు, మూడో రోజున ఇంటికి వచ్చి నన్ను పక్కకు పిలిచాడు. దవాఖానలో అత్త ఫోటో పెడుతున్నామని, దాని కింద నాలుగు మంచి మాటలు కావాలని అన్నాడు. "చదువుకున్నదానివి, నువ్వే రాయమ్మా." సరేనన్నాను. మంచి మాటలకు కొదవ లేదు. అవి నిజమైనవి కాబట్టి ముందు అవే రాస్తాను.

*

మా బాపుకు నాలుగేళ్ళప్పుడు వాళ్ళమ్మ పోతే, ఆయనను సాకింది ఈ అక్కే. పదో తరగతితో చదువు ఆపింది. మామ పోయాక, పిల్లలు లేరు కదా అని ఇంట్లో కూర్చోకుండా, సారు కొత్తగా దవాఖాన తెరిచినప్పుడు ఊడ్చి తుడిచే పనికి చేరింది. ఇరవై ఏళ్ళలో ఆ దవాఖానలో ఆమెకు తెలియని పని లేకుండా పోయింది. జనం సిస్టర్ అని పిలిచేవాళ్ళు. నేను అక్కడ పనికి చేరినప్పుడు నన్ను కూడా సిస్టర్ అనే పిలవమంది. "ఇంట్ల అత్తను. ఈడ గాదు. ఈడ తప్పు జేస్తే నా కోడలివన్న ముచ్చట నడ్వది" అంది మొదటి రోజే.

పొద్దున వచ్చీ రాగానే గాజులు తీసి డబ్బాలో వేసేది. పుస్తెలతాడు లేని మెడలో ఒక సన్న గొలుసు ఉండేది, దాన్ని జాకెట్టు లోపలికి తోసేది. గోళ్ళు వారానికి రెండుసార్లు తీసేది. చేతులు కడగడం చూస్తే, చేతికి అంటిన పిండి వదిలించుకుంటున్నట్టు ఉండేది. వేలు వేలుకూ మధ్య, గోరు కింద, మణికట్టు పైదాకా. నేను తొందరగా ముగిస్తే ఏమీ అనేది కాదు, నల్లా మళ్ళీ తిప్పేది. అంతే.

నొప్పితో వచ్చినవాళ్ళను కుర్చీ ఎక్కించే ముందు ఆమె ప్రశ్నలు తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు. అన్నం తిన్నవా. బీపీ గోలి ఏసుకున్నవా. షుగరు ఉన్నదా. రక్తం పల్చన అయ్యే గోలి ఏమన్న నడుస్తున్నదా. మందు పడక ఎప్పుడన్న దద్దులు లేచినయా. ఒకసారి నస్రుల్లాబాద్ నుంచి వచ్చిన రైతు ఒకాయనకు విసుగొచ్చింది.

"పన్ను పీకుమంటే పెండ్లి సంబంధం అడిగినట్టు అడుగుతున్నవేందమ్మ."

"ఏ పన్ను?"

"గదే, నొస్తున్న పన్ను."

"నొచ్చేది నీకు. నాకెట్ల ఎర్కైతది? ఏలు పెట్టి సూపియ్యి."

ఆయన వేలు పెట్టి చూపించాడు. అత్త తెల్లటి ప్లాస్టర్ చిన్న ముక్క చింపి ఆ వైపు చెంప మీద అతికించింది. ఆమె పద్ధతి అది. సారు పటకారు పట్టుకునే ముందు ప్లాస్టర్ ఎటువైపు ఉందో చూడాల్సిందే. ఆయన అద్దంలో చూసుకుని, "దిష్టిచుక్క గూడ పెట్టినవా" అన్నాడు. "పన్ను మారితే నీ కోడలు రొట్టె జేసుడు బంద్ జేస్తది, నమలలేవని. ఊకో" అంది అత్త. ఆ రైతు నవ్వాడు. నవ్వితే సూది భయం సగం తగ్గుతుందని ఆమెకు తెలుసు.

పీకాక అరగంట బయట బెంచీ మీద కూర్చోబెట్టేది. దూది కొరికి పట్టుకున్నారో లేదో వచ్చి వచ్చి చూసేది. తెల్లారి ఫోను చేసేది. అందుకోసం ఒక నోట్‌బుక్ ఉండేది, నీలం అట్టది. పేరు, ఊరు, ఫోను నంబరు. "ఉమ్మకుండ్రి. ఉమ్మితే నెత్తురు ఆగది. సల్లటిది తాగుండ్రి. వాపు ఎక్కువైతే రేపు రాండ్రి, ఎల్లుండిదాక ఆగకుండ్రి." డాక్టరు సారు దగ్గరికి కాదు, ఆ ఫోను దగ్గరికే జనం మళ్ళీ వచ్చేవాళ్ళని నాకనిపించేది.

నేను చేరిన వారంలో, నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం నా చేతిలోంచి కింద పడింది. తీసి, స్పిరిట్ దూదితో తుడిచి, పళ్ళెంలో పెట్టబోయాను. అత్త చూసింది. పేషెంటు ముందు ఏమీ అనలేదు, వేరే అద్దం అందించింది. అందరూ పోయాక ఆ అద్దం నా ముందుకు పట్టుకొచ్చింది.

"నోరు తెరువు."

"ఎందుకత్తా?"

"సిస్టర్ అను. నోరు తెరువు. నీ నోట్లె పెట్టుకో. తుడిసినవు గద."

పెట్టుకోలేకపోయాను. ఆమె అప్పుడు అన్న మాట నేను చాలాసార్లు తలుచుకున్నాను, తిట్టుకుంటూ కూడా తలుచుకున్నాను: "నోరు తెరిసినోళ్ళు కండ్లు మూస్కుంటరే. ఆళ్ళ కండ్లు మనమే."

*

లోపలి గదిలో ఆవిరి మిషిను ఉండేది. పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిదే అనుకోండి, ఇంకా బలమైనది. కడిగిన పనిముట్లను ఒక్కొక్కటీ ఒక కవర్లో పెట్టి మూస్తాం. కవరు ఒక వైపు కాగితం, ఒక వైపు పలచని ప్లాస్టిక్. మూలన ఒక చిన్న గుర్తు ఉంటుంది. మొదట లేత గులాబీ రంగులో ఉంటుంది. మిషిన్లో సరిపడా వేడి, ఆవిరి తగిలితే గోధుమ రంగుకు తిరుగుతుంది.

అత్త దానికి తన పేర్లు పెట్టుకుంది. గులాబీగా ఉంటే పచ్చి. గోధుమ రంగుకు తిరిగితే కాలింది. జొన్న రొట్టె మాట అది. "కాలిందా?" అని అడగకుండా ఏ కవరూ గది దాటనిచ్చేది కాదు. అక్కడితో ఆగలేదు. కవరును పేషెంటు కళ్ళ ముందే చింపాలన్నది ఆమె పెట్టిన నియమం. చింపే ముందు గుర్తు చూపించేది. "సూడు పెద్దమ్మ, కాలింది. పురుగు సచ్చింది. ఇగ నీ నోట్లెకు పోవచ్చు. యాడికి పోయినా గిట్లనే అడుగు. కవరు నా ముందల చింపుండ్రి, గుర్తు సూపియ్యుండ్రి అని అడుగు. షరం పడకు." అలా అడగడం చాలామందికి నేర్పింది. నిజామాబాద్‌లో ఏదో దవాఖానలో అడిగి గొడవ పెట్టుకుని వచ్చిన ఆసామి కూడా ఉన్నాడు. అత్తకు చెప్పి మురిసిపోయాడు.

నేను కనిపెట్టిన సంగతి ఒకటుంది. ఆవిరిలో కాగితం మెత్తబడుతుంది కదా, లోపలి పనిముట్టు ఆకారం దాని మీద సన్నగా అచ్చు పడుతుంది. పటకారు ఉంటే పటకారు, అద్దం ఉంటే అద్దం. ఆరిపోయాక కూడా వేలితో తడిమితే తెలుస్తుంది. అత్తకు చూపించాను. ఆమె కవరు వెలుగుకు పట్టుకుని, వేలితో రాసి, చాలాసేపు చూసింది. "ఇన్నేండ్ల సంది నాకు తెల్వదే. నీ కండ్లు మంచి కండ్లు" అంది. ఆ మాటకు నేను వారం రోజులు గాల్లో నడిచాను. ఇంట్లో నా గురించి ఎవరూ అలాంటి మాట అనలేదు.

*

సారు ఎల్లారెడ్డిలో కూడా దవాఖాన తెరిచాడు. మంగళవారం, శనివారం. అక్కడా ఒక మిషిను పెట్టారు, చిన్నది. మొదట్లో అత్త ఒక్కతే పోయేది. జనం పెరిగాక నన్నూ తీసుకుపోయింది. లింగంపేట మీదుగా బస్సు, ఒళ్ళో సంచి, సంచిలో కవర్లు. ఆ సంచిని పైన పెట్టనిచ్చేది కాదు, కండక్టరు అడిగినా సరే.

నేను పోయిన మొదటి శనివారమే చూశాను. ఎల్లారెడ్డి మిషిను మీద ఉతికిన గుడ్డ కప్పి ఉంది. వైరు చక్కగా చుట్టి, దారంతో కట్టి ఉంది. ఆ దారం మీద దుమ్ము ఉంది. నేను అడగలేదు. పొద్దున్నే ఇంకెవరో నడిపి ఉంటారేమో అనుకోవడానికి అక్కడ ఇంకెవరూ లేరు. ఒక స్టవ్వు మీద గిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి.

ఆ రోజు బీడీలు చుట్టే ఒక అవ్వ వచ్చింది. ఎల్లారెడ్డి పక్కనే ఊరు. పై దవడ వాచి, కన్ను సగం మూసుకుపోయింది. అత్త చెంప మీద ప్లాస్టర్ అతికించింది. కవరు తీసుకుని ముందుకు పట్టింది. "సూడు అవ్వ, కాలింది." అవ్వ తెరుచుకున్న ఒక్క కన్నుతో చూసి తలూపింది. అత్త చింపింది. ఖాళీ కవరు నా చేతికిచ్చింది, పారేయమని.

అలవాటుగా వేలితో రాశాను. గుర్తు గోధుమ రంగులోనే ఉంది. కాగితం ఆవిరి తగిలిన కాగితమే, ముడతలు పడి ఉంది. అచ్చు మాత్రం లేదు. ఎక్కడా లేదు. మూత మడిచిన చోట కవరు గమ్ముతో కాదు, ప్లాస్టర్ ముక్కతో అతికి ఉంది. తర్వాతి కవరూ అంతే. ఆ తర్వాతిదీ అంతే.

అప్పుడు గుర్తొచ్చింది. కామారెడ్డిలో శుక్రవారం సాయంత్రం చివరి విడతలో అత్త కొన్ని ఖాళీ కవర్లు, మూత తెరిచి, మిషిన్లో పెట్టడం చూశాను. మిగిలినవి ఉంటే పెట్టిందేమో అనుకున్నాను. అవి మిగిలినవి కావు. గుర్తు రంగు తిరగడానికి పెట్టినవి. ఖాళీ కవర్లను కామారెడ్డిలో కాల్చి, ఎల్లారెడ్డికి తెచ్చి, నీళ్ళలో మరిగించిన పనిముట్లు వాటిలో పెడుతోంది.

తిరుగు బస్సులో ఆ కవరు ఆమె ఒళ్ళో పెట్టాను. "అచ్చు లేదు అత్తా."

ఆమె దాన్ని వేలితో రాయలేదు. రాయాల్సిన అవసరం లేదని ఆమెకు తెలుసు.

"మూత రబ్బరు పోయిందే మిషినుది. ఆవిరి నిలుస్తలేదు. బాగు జేసేటోడు రేపు మాపు అంటున్నడు."

"ఎన్ని రోజుల సంది?"

"మొదలు ఈడి పనిముట్లు గూడ కామారెడ్డిలనే కాల్చి తెచ్చిన. నీ ముందల అబద్ధమెందుకు. ఇగ మంది ఎక్కువైండ్రు, తెచ్చినయి సరిపోతలేవు. పెద్దకొడప్‌గల్ సంది ఒస్తరు, దవడ గింత లావు వాసి. పో అని ఎట్ల ఎల్లగొట్టుడు? మరగబెడుతున్న. స్పిరిట్ల ముంచుతున్న. ఊకెనే పెడుతున్ననా?"

"మరగబెడితే అన్నీ సావయి. నువ్వే చెప్పినవు."

"చెప్పిన."

"మరి గుర్తెందుకు? మరగబెట్టినవని చెప్పి పెట్టరాదు?"

"గుర్తు లేకుంటే భయమైతది, బుగులు పడ్తరే ఆళ్ళు."

"బుగులు పడాలనే గదా అత్తా నువ్వు నేర్పింది."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. సారుకు చెబుతానని అన్నాను. "చెప్పు" అంది. ఆ "చెప్పు"లో కోపం లేదు. అందుకే నేను మోసపోయాను.

సోమవారం నేను దవాఖానకు పోయేసరికి ఆమె సారు గదిలో నిలబడి ఉంది. సారు నన్ను పిలిచాడు. నేను నోరు తెరవకముందే ఆయన అన్నాడు: "ఎల్లారెడ్డి కవర్లు పచ్చివే ప్యాక్ చేశావటగా. సిస్టర్ చూసుకుంది కాబట్టి సరిపోయింది. నీకు కుదురు లేదమ్మా."

అత్త వైపు చూశాను. ఆమె నేల వైపు చూస్తూ, "చిన్నది సార్. ఇంకా చెయ్యి తిరగలేదు. నేను సూసుకుంట" అంది.

ఎంత నిమ్మళంగా అంది. అద్దం కింద పడ్డప్పుడు ఎలా అందో అలాగే. ఆ రోజు సిస్టర్ లాగా నిలబడి, అత్తలాగా నన్ను కాపాడుతున్నట్టు మాట్లాడింది. ఎవరి నుంచి కాపాడుతున్నట్టు? నేను ఏప్రాన్ విప్పి కుర్చీ మీద పెట్టి వచ్చేశాను. ఇంట్లో చెబుదామని గడప దాకా వచ్చాను. బాపు అన్నం తింటూ, "అక్క ఫోను జేసింది, నీకు మాట పడ్తలేదంట గద" అన్నాడు. నాలుగేళ్ళ పిల్లాణ్ణి సాకిన అక్క మాట అది. ఇంకేం చెప్పను. గడప దగ్గరే నోరు మూసుకున్నాను. అది నా తప్పు. దాన్ని ఆమె మీద వేయను.

రెండు నెలల తర్వాత అత్త ఇంటికి వచ్చింది. అమ్మ వేడి వేడి రొట్టెలు చేస్తుంటే, నా పక్కన కూర్చుని, నా చేయి తీసుకుని గోళ్ళు చూసింది. పెరిగాయి. అమ్మ లోపలికి పోగానే మెల్లగా అంది: "మిషిను బాగైంది."

"ఎప్పుడు?"

"అయింది లే. ఇగ నువ్వు రంది పెట్టుకోకు."

నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా ఉంది కాబట్టి నమ్మాను. తర్వాత మంగళవారాలు ఎల్లారెడ్డి బస్సు కనపడితే ముఖం తిప్పుకోవాల్సిన పని లేకుండా పోయింది.

*

మూడో రోజు అందరూ బయట ఉండగా, అత్త గది సర్దమని అమ్మ నాకు చెప్పింది. తలుపు పక్కన మేకుకు సంచి వేలాడుతోంది. పోయింది మంగళవారం పొద్దున కదా. ఎల్లారెడ్డికి సర్దిపెట్టుకున్న సంచి అది.

అందులో టిఫిను డబ్బా. కళ్ళద్దాలు. రబ్బరు బ్యాండు వేసిన కవర్ల కట్ట. అన్నీ ఖాళీవి. అన్నిటి మూలనా గుర్తు గోధుమ రంగులో ఉంది. ఒక్కొక్కటీ వేలితో రాసి చూశాను. ఏ ఒక్కదాని మీదా అచ్చు లేదు.

మిషిను బాగు కాలేదు. ఏ రోజూ కాలేదు.

కవర్ల కింద నీలం అట్ట నోట్‌బుక్. పేరు, ఊరు, ఫోను నంబరు. ఎల్లారెడ్డి పేజీలు తిప్పాను. ఒక పేజీ నుంచి కొన్ని పేర్ల పక్కన, ఆమె గుండ్రటి అక్షరాల్లో, ఒకే మాట రాసి ఉంది. పచ్చి. కామారెడ్డిలో కాల్చి తెచ్చినవి వాడినవాళ్ళ పక్కన ఏమీ లేదు. అవి అయిపోయాక వచ్చినవాళ్ళ పక్కన పచ్చి. పచ్చి. పచ్చి. అలా నలభై మూడు పేర్లు. బీడీలవ్వ పేరు పక్కన కూడా.

ఎందుకు రాసుకుంది? ఎప్పటికైనా వాళ్ళకు చెబుదామనా? మనసు ఊరుకోకనా? మా అత్త తరఫున ఏదో ఒక జవాబు వెతుక్కోవాలని రెండు రోజులు తిరిగాను. దొరకలేదు. దొరికినా అది ఆమె చెప్పాల్సిన జవాబు, నేను కల్పించాల్సింది కాదు. నాకు తెలిసింది ఒక్కటే. నోరు తెరిచినవాళ్ళ కళ్ళు మనమే అన్న మనిషి, ఆ కళ్ళకే గంతలు కట్టింది. తెలిసి కట్టింది. పేరు పేరునా రాసి పెట్టుకుని కట్టింది.

బాపుకు నోట్‌బుక్ చూపించాను. జరిగింది మొత్తం చెప్పాను. ఆయన మొదట అట్టను అరచేత్తో తుడిచాడు. తర్వాత అన్నాడు: "ఇది పొయ్యిల పెట్టు."

"బాపూ, పచ్చి పనిముట్లతోని పసిరికెలు, కామెర్లు రావచ్చు. ఇంకా పెద్ద రోగాలు రావచ్చు. కొన్ని ఏండ్లదాక బయటపడయి. నెత్తురు సూపిచ్చుకుంటె తెలుస్తది. తెలిస్తె మందులున్నయి."

"ఒచ్చినోళ్ళు ఒచ్చి అడుగుతరు గద. ఎవ్వడన్న అడిగిండా?"

"ఎట్ల అడుగుతరు? ఆళ్ళు కండ్లార సూసిండ్రు గద, కాలిందని."

బాపు నోట్‌బుక్ పక్కకు తోశాడు. "నాకు అన్నం కలిపి పెట్టిన చెయ్యే అది. దాన్ని ఊరు మీద ఏస్తవా" అన్నాడు. ఆయన ఏడుస్తున్నాడు. నాకు అప్పుడు కూడా ఏడుపు రాలేదు. అమ్మ గుమ్మంలోంచి, "బండరాయే ఇది, బండరాయి" అంది.

*

మొన్న శుక్రవారం అత్తకు పదకొండో రోజు. డాక్టరు సారు వచ్చాడు. ఫోటో కట్టించి తెచ్చాడు. మంగళవారం నుంచి ఎల్లారెడ్డి మళ్ళీ తెరుస్తున్నామని, అత్త జాగాలో నేనే రావాలని బాపు ముందే అడిగాడు. బాపు నా వైపు ఆశగా చూశాడు. ఫోటో కింద మాటలు రాశావా అని సారు అడిగితే, ఇంకా లేదన్నాను. "ఒక వాక్యం మాత్రం తప్పకుండా ఉండాలమ్మా. ఆమె చేతి మీదుగా పోయిన ఒక్క పేషెంటుకు కూడా ఏ హానీ కలగలేదు. అది రాయి."

నోట్‌బుక్ తెచ్చి ఆ పేజీ తెరిచి చూపించాను. పచ్చి అంటే ఏమిటో చెప్పాను. ఆయన ముఖం చూస్తూ ఉన్నాను. ఆయనకు ముందే తెలుసో తెలియదో ఆ ముఖంలో నాకు కనపడలేదు. ఆయన నోట్‌బుక్ కోసం చేయి చాచి అన్నాడు: "ఇటు ఇయ్యి. నేను చూసుకుంటా."

అవే మాటలు. ఆ రోజు సారు గదిలో అత్త అన్న మాటలు. నేను నోట్‌బుక్ మూసి చంకలో పెట్టుకున్నాను.

భోజనాలప్పుడు బీడీలవ్వ వచ్చింది. ఎల్లారెడ్డి నుంచి రెండు బస్సులు మారి వచ్చిందట. అత్త ఫోటో ముందు కూర్చుని, కొంగుతో కళ్ళు తుడుచుకుని, నన్ను గుర్తుపట్టింది.

"నువ్వు ఆమె కోడలివి గద. ఆమెతోని ఒచ్చినవు ఒకనాడు."

"అవునవ్వ."

"మంచి మనిషి, బిడ్డ. తెల్లారి ఫోను జేసి అడిగింది, తిన్నవా అవ్వ అని. నా కొడుకు అడగలే. నా ముందలనే చింపేది కవరు. మాయ లేదు మర్మం లేదు."

అవ్వ రొంటిన దోపుకున్న సంచి విప్పింది. అందులోంచి ఒక కవరు తీసింది. ఒక వైపు కాగితం, ఒక వైపు ప్లాస్టిక్. పన్ను పీకిన రోజు చింపినవాటిలో ఒకటి గుర్తుగా అత్తను అడిగి తీసుకుందట. ఇప్పుడు అందులో బీపీ గోలీలు పెట్టుకుంటోంది. "సూడు, తడి తగల్లే ఇప్పటిదాక. గుర్తు గూడ పోలే. ఎంత మంచిగ కాలిందో సూడు." మూలన ఉన్న గోధుమ రంగు మచ్చను బొటనవేలితో నిమిరి, నా చేతికిచ్చింది.

పట్టుకున్నాను. చూడకుండానే నా వేలు కాగితం మీదికి పోయింది. గోలీల గుండ్రటి అచ్చులు తగిలాయి, ఒకదాని పక్కన ఒకటి. వాటి కింద ఏమీ లేదు.

"మంగళారం ఒస్తున్నవా బిడ్డ? కింది పన్ను గూడ కదులుతున్నది. నువ్వైతె నా ముందల చింపుతవు."

వస్తున్నానని చెప్పాను. కవరు ఆమెకు తిరిగి ఇచ్చాను. గోలీలు ఒక్కొక్కటీ లెక్క చూసుకుని, మడత పెట్టి, మళ్ళీ రొంటిన దోపుకుంది. అది చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. పెరట్లో నల్లా కింద ముఖం కడుక్కుని వచ్చేసరికి, ఎర్రబడిన కళ్ళు చూసి అమ్మ సంతోషించింది. ఇప్పటికైనా అత్త గుర్తొచ్చిందని పక్కవాళ్ళకు చెప్పింది.

ఫోటో కింద ఆ వాక్యం నేను రాయడం లేదు. రాయమన్న నాలుగు మాటలకు బదులు ఇది రాశాను. రేపు సోమవారం నోట్‌బుక్ పేజీల జిరాక్సు, ఒక కాగితం జిల్లా వైద్యాధికారి ఆఫీసులో ఇస్తాను. ఎల్లుండి మంగళవారం పొద్దుటి బస్సుకు ఎల్లారెడ్డి పోతాను. దవాఖానకు కాదు. మొదట అవ్వ ఇంటికి. తర్వాత మిగతా నలభై రెండు ఇండ్లకు, ఎన్ని రోజులు పట్టినా. మీ నోట్లో పెట్టినవి పచ్చివి, సర్కారు దవాఖానలో నెత్తురు చూపించుకోండి అని చెప్తాను. ఎవరు పెట్టారని అడిగితే మా అత్త అని చెప్తాను. ఏడు నెలల కిందటే నాకు తెలుసని కూడా చెప్తాను.